ఉలవల మీద నా తొలి టూరు

మొన్న కొత్త బండి మీద ఎంత దూరం తిరిగానో అడగండి, రొమ్ము విరుచుకుని చెప్తాను. ఎక్కడికి పోయావని మాత్రం అడగొద్దు. అడగకుండానే మా ఆవిడ ఊరందరికీ ఫోన్లు చేసి చెప్తోంది. ఆమె నోట వినేకంటే నా నోట వింటే పరువు కాస్తయినా మిగులుతుందని నేనే చెప్పేస్తున్నాను. టీ తాగుతూ వినండి, ఫరవాలేదు. నవ్వొస్తే మాత్రం కప్పు కింద పెట్టి నవ్వండి.

మాది ధర్మవరం. పట్టుచీరల అంగడి ఉంది. బోర్డు మీద పేరు నాది, లోపల రాజ్యం మా ఆవిడ సరోజది. మగ్గాలవాళ్ళతో మాట్లాడేది ఆమె, బేరం తెగ్గొట్టేది ఆమె. నేను చీరలు విప్పి చూపించి, వాళ్ళు వద్దనగానే మళ్ళీ మడతపెట్టే మనిషిని. ఏళ్ళ తరబడి చీరలు మడతపెట్టిన మనిషికి ఒక్క కోరికైనా ఉండకూడదా? నాకూ ఉండేది. రాత్రి పూట ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఎవరెవరో పెద్ద పెద్ద బండ్లేసుకుని మంచు కొండలెక్కుతుంటారు, వాగులు దాటుతుంటారు. నేనెప్పుడెక్కుతానా అని ఒకటే ఆరాటం. ఆఖరికి ధైర్యం చేసి కొనేశాను. టూరింగ్ బైకు! సామాను పెట్టుకునే మూడు డబ్బాలు, ముందర గాలి అద్దం, ఇనుప గార్డులు, అన్నీ ఉన్నాయి.

దాని మీద మొదటిసారి కూర్చున్న ముచ్చట చెప్పాలి. కూర్చున్నాను అనేకంటే ఎక్కాను అంటే సరిపోతుంది. కుడికాలు నేలకి ఆనితే ఎడమకాలు గాల్లో, ఎడమకాలు ఆనితే కుడికాలు గాల్లో. షోరూం కుర్రాడు, 'సర్, పోగా పోగా అలవాటైపోతుంది' అన్నాడు. కాళ్ళు పొడుగవుతాయేమో అనుకున్నాను! ఇక బరువు. సైడు స్టాండు తీసి నిలబెడితే నేను బండిని పట్టుకున్నానా, బండి నన్ను పట్టుకుందా తెలియదు. ముందర ఒక స్క్రీను. ఏ గేరులో ఉన్నావు, బయట ఎండ ఎంత, ఇంకా ఎంత దూరం పోగలవు, అన్నీ చెప్తుంది. మా ఇంట్లో నాకు ఇన్ని సంగతులు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సంతోషంతో కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

వీధిలోకి తెచ్చాను. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించాం. జనం చుట్టూ మూగారు. అందరిదీ ఒకటే ప్రశ్న, 'మైలేజి ఎంతిస్తాది?' అరే, కొండలెక్కే బండిని పట్టుకుని మైలేజి అడుగుతారేంటయ్యా! సరోజ అది కూడా అడగలేదు. వాకిట్లో నిలబడి బండిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

"ఏమయ్యా, ఇది ఏమిటికి పనికొస్తాది?"

"టూరు పోయేకి."

"నువ్వు అంగడి దాటి యాడికి పోతావు టూరు?"

ఆమె అంతటితో వదిలేస్తుందా? వారం రోజులు కూరలో ఉప్పు తక్కువైనా బండి వల్లే, కరెంటు పోయినా బండి వల్లే. చివరికి నిన్నగాక మొన్న నల్లమాడ చీర వచ్చి పడింది.

సంగతేంటంటే, నల్లమాడలో ఒక పెళ్ళి. పెళ్ళికూతురి ముహూర్తం చీర మా అంగట్లో నేయించమని చెప్పారు. నేసే ఆయనకు జ్వరమొచ్చి, చీర మగ్గం దిగేసరికి పెళ్ళి ముందురోజు పొద్దుగూకింది. ముహూర్తం తెల్లారి పదకొండుకు. సరోజ కారు మాట్లాడి పంపుతానంది. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను!

"కారేమిటికి? నా బండి ఉండాది. గంటన్నరలో నల్లమాడలో ఉంటా" అన్నాను.

సరోజ ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె ఆలోచించినప్పుడల్లా నాకు భయమే.

"సరే పో. చీర టయానికి పిల్ల చేతిలో పడితే, ఇంక నీ బండి జోలికి రాను. పడలేదనుకో, పెళ్ళికూతురు పాత చీర కట్టుకుని పీటల మీద కూర్చోవల్ల, మన అంగడి పేరు నల్లమాడలో ఎత్తకూడదు. అట్ల జరిగితే ఆ బండి వారం లోపల అమ్మేసేది. సరేనా?"

"సరే!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్కింటివాళ్ళు కూడా విన్నారు. తర్వాత మాట మార్చడానికి లేకుండా పోయింది.

పొద్దున్నే జాకెట్టు, గ్లోవ్స్, మోకాళ్ళకు గార్డులు, ముఖమంతా మూసే హెల్మెట్టు, అన్నీ తగిలించుకున్నాను. చీరను ప్లాస్టిక్ కవర్లో చుట్టి వెనక డబ్బాలో పెట్టాను. సరోజ నా ఫోన్ తీసుకుని లైవ్ లొకేషన్ ఆన్ చేసింది. "నాకు తెలుస్తాది. పెళ్ళోళ్ళకి గూడా పంపిస్తాండా. చీర యాడ వస్తాండాదో చూసుకుంటే వాళ్ళకు ధైర్యంగా ఉంటాది" అంది. మంచి ఆలోచనే అనుకున్నాను. అట్లా ఎందుకనుకున్నానా అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఊరు దాటాక చూడండి, ఆహా! బండి గురించి ఎవరేమన్నా అనండి, రోడ్డెక్కితే అది బంగారం. చలిగాలి, ఖాళీ రోడ్డు, అటూ ఇటూ శెనక్కాయ పీకేసిన చేన్లు, దూరంగా గుండ్ల కొండలు. గుంత వస్తే అది నాకు తెలియకుండానే దాటేస్తోంది. మా పాత బండి మీద ఇదే దారిలో పోతే నడుం పట్టేసి రెండు రోజులు లేచేవాణ్ణి కాను. హెల్మెట్టు లోపల పాడుకున్నాను కూడా. బుక్కపట్నం దాటేసరికి తొమ్మిది కాలేదు. ఈ లెక్కన పెళ్ళివాళ్ళింట్లో టిఫిను తిని, బండి పక్కన నాలుగు ఫోటోలు దిగి రావచ్చు అనుకున్నాను.

నల్లమాడ ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక పల్లె దగ్గర మలుపు తిరిగాను. రోడ్డు లేదు! అంటే, రోడ్డు ఉంది, కనపడటం లేదు. కోసి ఎండబెట్టిన ఉలవ చెట్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా మోకాలెత్తున పరిచి పెట్టారు. మా వైపు మీకు తెలుసు కదా, కళ్ళం చేసి, ఎద్దులను కట్టి నూర్చే రోజులు పోయాయి. పంట తెచ్చి తారు రోడ్డు మీద పరిస్తే, వచ్చే పోయే బస్సులూ లారీలే తొక్కి, గింజ రాల్చి నూర్చి పెడతాయి. కార్లవాళ్ళు తిట్టుకుంటూ పోతారు, పోలీసులు వద్దంటారు, మళ్ళీ ఏడాది అక్కడే పరుస్తారు.

వీడియోల్లో వాడు ఏం చెప్పాడు? ఇసుక గానీ, బురద గానీ వస్తే బ్రేకు ముట్టుకోవద్దు, నిమ్మళంగా పోతూనే ఉండు అన్నాడు. ఉలవల గురించి వాడు చెప్పలేదు. నేను బ్రేకు తొక్కాను.

బండి దబ్బున పడిపోలేదు. అదే చెప్పాలి. చాలా మర్యాదగా, నెమ్మదిగా, ఒక పక్కకు వాలింది. నేను కాలు కింద పెట్టాను. కాలు ఉలవల్లోకి దిగింది గానీ నేలకి అందలేదు. అంతే, బండి పడుకుంది, దాని పక్కన నేనూ పడుకున్నాను. దెబ్బ తగల్లేదు లెండి, కింద పరుపులాగే ఉంది. వెనక డబ్బా మూత పటుక్కున ఊడి చీర ప్యాకెట్టు ఎగిరి రోడ్డు వారన పడింది.

"అయ్యయ్యో! మేయ్, రాండి మేయ్! రాకెట్టు మనిషి పడినాడు!"

నలుగురైదుగురు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ముందర ఒక అవ్వ, చేతిలో పొడుగు కట్టె. నాగమ్మ అంటారట ఆమెను. వెనక ఆమె కోడలు లచ్చిమి. హెల్మెట్టు తీశాక నన్ను చూసి అవ్వ, "ఇంతేనా, మనిషే!" అంది. తర్వాత అందరూ కలిసి, "ఏసుకో, లేపుకో" అంటూ బండిని నిలబెట్టారు. నేను కూడా ఒక చెయ్యి వేశాను. నా చెయ్యి వల్ల పెద్దగా తేడా వచ్చినట్టు లేదు.

"ఏం బరువుండాదప్పా ఈ బండి! మా పాలిచ్చే ఎనుము గూడా ఇంత బరువుండదు" అంది లచ్చిమి.

అవ్వ మాత్రం బండి పడుకున్న చోట ఉలవలను చేత్తో ఎత్తి చూసింది. కాయలు చిట్లి గింజలు రాలి ఉన్నాయి. ఆమె కళ్ళల్లో మెరుపు నేను చూశాను. చూసి కూడా అర్థం చేసుకోలేదు.

"యాడికి పోతాండావు నాయనా?"

"నల్లమాడ అవ్వా. పెళ్ళిచీర ఇయ్యల్ల. పదకొండుకు ముహూర్తం."

"ఈ బండికి నల్లమాడ ఎంతసేపు?"

అక్కడ ఆగాల్సింది. ఇరవై నిమిషాలో, అరగంటో అనాల్సింది. కొత్త బండి గురించి అడిగితే నోరు ఊరుకుంటుందా?

"పది నిమిషాలు అవ్వా! ఈ బండికి నల్లమాడ ఒక లెక్కా!"

"అట్లయితే ఇంకా బోలెడు టయముండాది" అంది అవ్వ. "సూడు నాయనా, ఆ పక్క పెద్ద రోడ్డు పడినప్పటి నుంచి లారీలన్నీ ఆడే పోతాండాయి. ఈ దారిన పొద్దున ఒక బస్సు పోయింది, అంతే. ట్రాక్టరోడు వస్తానని రాలేదు. పైన సూడు, మబ్బు. తడిసిందంటే ఏడాది కష్టం మన్నై పోతాది. నీ బండికి బరువుండాది, టైరు వెడల్పుండాది. నాలుగు సుట్లు తిప్పి పో."

"అవ్వా, చీర..."

చీర అప్పటికే ఆమె ఒళ్ళో ఉంది. కొంగుతో దుమ్ము తుడిచి, గట్టు మీద కూర్చుని, ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"డబ్బా మూత ఊడింది గదా, తిప్పేటప్పుడు మళ్ళా పడితే? ఈడ బద్రంగా ఉంటాది. నువ్వు తిప్పుకోని రా."

ఏం చేస్తాను? నన్ను లేపారు, బండిని లేపారు. నాలుగు చుట్లే కదా అని మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మొదటి చుట్టు భయంగా తిప్పాను, రెండోది ఫరవాలేదు, మూడోది నాకే బాగుంది! బ్రేకు ముట్టకుండా నిమ్మళంగా పోతే బండి ఉలవల మీద పడవలాగా ఊగుతూ పోతోంది. చివరిదాకా పోవడం, తిప్పడం, మళ్ళీ రావడం. ఆడవాళ్ళు కట్టెలతో తిరగేస్తూ, "ఈ పక్క తొక్కించన్నా! ఆ వార మిగిలిపోయింది!" అని అరుస్తున్నారు. లచ్చిమి ఫోన్ తీసి వీడియో పట్టుకుంది. వీడియో అనగానే నాకు పూనకం వచ్చేసింది. సీటు మీద నుంచి లేచి, మంచు కొండల వాళ్ళలాగా నిలబడి తోలాను! "సూడు మేయ్, నిలబడి తోలతాండాడు!" అని చప్పట్లు. మా అంగట్లో నాకెప్పుడైనా ఎవరైనా చప్పట్లు కొట్టారా? నాలుగు చుట్లు ఎప్పుడు దాటాయో తెలియదు. నడుమ ఆపి గుగ్గిళ్ళు పెట్టారు. ఉడకేసి, తిరగమాత పెట్టిన ఉలవ గుగ్గిళ్ళు. మళ్ళీ అడిగి పెట్టించుకున్నాను.

మళ్ళీ తిప్పుతుంటే జేబులో ఫోన్ మోగింది. బండి ఆపి, హెల్మెట్టు తీసి ఎత్తాను. సరోజ.

"ఏమయ్యా, యాడుండావు?"

"వచ్చేసినా, వచ్చేసినా. నల్లమాడ కనపడతాండాది."

"కనపడతాండాదా? నాకేమో నువ్వు ముందుకు పోయేది, వెనక్కి వచ్చేది కనపడతాండాది! అరగంట నుంచి సూస్తాండా. ఏమన్నా పారేసుకున్నావా?"

లైవ్ లొకేషన్! మర్చిపోయాను!

"నాకొక్కదానికే కాదు" అంది సరోజ. గొంతు మంద్రంగా ఉంది, అది ఇంకా ప్రమాదం. "పెళ్ళింట్లో అందరూ ఫోన్ ముందర కూర్చోనుండారంట. నీ చుక్క ముందుకు పోతే, వచ్చె వచ్చె అంటాండారంట. వెనక్కి తిరిగితే పిల్ల ఏడుస్తాండాదంట. అయ్యవారు గూడా మంత్రాలాపి సూస్తాండాడంట! పది దాటింది, తెలుసునా నీకు?"

ఫోన్ కట్ చెయ్యకుండానే జేబులో పడేశాను. చీర తీసుకుని పోదామని గేరేసి యాక్సిలరేటరు గట్టిగా తిప్పాను. టక్! వెనక చక్రం బిగుసుకుపోయింది. దిగి చూస్తే, అన్ని చుట్లు తిరిగిన ఉలవ తీగలన్నీ చైనుకీ చక్రానికీ జడలాగా అల్లుకుపోయి ఉన్నాయి. చక్రం కనపడటం లేదు. కదిపితే కదలదు. బండి పోతే పోయింది, ఆ పిల్ల పాత చీరతో పీటల మీద కూర్చుంటే నేను ఏ ముఖం పెట్టుకుని అంగట్లో కూర్చోవాలి? నిజంగా ఏడుపొచ్చింది.

"ఎవరు నాయనా, ఇంటామెనా? ఇట్లియ్యి" అని అవ్వ నా జేబులో ఇంకా మాట్లాడుతున్న ఫోన్ లాక్కుంది.

నాకు ఒక వైపు మాటలే వినపడ్డాయి. "మేయ్ అమ్మణ్ణీ, నేను నాగమ్మను... అవు... ఉలవలు... లేదమ్మా, బాగానే ఉండాడు, గుగ్గిళ్ళు తింటాండాడు... చీరా? నా ఒళ్ళోనే ఉండాది, సక్కంగుండాది, ఏం చీరమ్మా అది!... ఆ... ఆ... మబ్బు పట్టింది తల్లీ... అట్లనా? పంపియ్యి మరి... సరే, సరే, ఈయప్పను నేను పట్టుకుంటాలే." ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఫోన్ నా చేతికి ఇచ్చేసింది.

"సరోజా, నేను..."

"నువ్వేం మాట్లాడొద్దు. పెళ్ళికూతురు మేనమామ వస్తాండాడు. చీర ఆయప్పకిచ్చెయ్. నువ్వు ఆ తీగలు పీకి, అవ్వ ఉలవలు నూర్చి రా. పాపం ముసిలామె, మబ్బు పట్టిందంట."

ఫోన్ పెట్టేసింది! నా చీర, నా పందెం, నా బండి, ఇద్దరు ఆడవాళ్ళు రెండు నిమిషాల్లో తేల్చేశారు.

కాసేపటికి దూరంగా టుపుక్ టుపుక్ అని చప్పుడు. మేనమామ వచ్చాడు. పట్టుపంచె పైకి దోపుకుని, నుదుట బొట్టుతో, డొక్కు మోపెడ్ మీద! ఉలవల మీద పడ్డాడా? పడలేదు. రెండు కాళ్ళూ నేలకు ఆనించి, నడిపించుకుంటూ వచ్చేశాడు. అవ్వ ఆయన్ను ఊరు, ఇల్లు, తండ్రి పేరు అన్నీ అడిగి, నమ్మకం కుదిరాకే చీర ఇచ్చింది. ఆయన దాన్ని ముందర కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, నన్ను గూడా ఎక్కించుకో. నా చేత్తో ఇస్తా" అన్నాను.

ఆయన నన్ను, నా జాకెట్టును, నా మోకాళ్ళ గార్డులను చూశాడు. "వద్దన్నా. సరోజక్క మరీ మరీ చెప్పింది, మనిషిని ఆడే వదిలిపెట్టి రమ్మని" అని మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఏముంది! అందరూ కూర్చుని తీగలు పీకారు, కొడవలితో కోశారు. చక్రం తిరిగింది. నేనూ తిరిగాను. ఈసారి నిలబడి తోలలేదు, బుద్ధిగా కూర్చునే తోలాను. మధ్యాహ్నానికి గింజలు కుప్ప పోసి, తూర్పారబట్టి, మూటలు కట్టారు. ఆ మబ్బు సంగతి అంటారా? అదీ మా జిల్లా మబ్బే కదా. ఒక చుక్క రాల్చకుండా కదిరి వైపు పోయింది.

పెళ్ళివాళ్ళు ఫోటో పంపారు. ముహూర్తానికి చీర కట్టుకునే కూర్చుంది పిల్ల. ఎంత బాగుందో! కళ్ళు మాత్రం కాస్త ఎర్రగా ఉన్నాయి. అది నా పుణ్యమే.

సాయంత్రం ఇల్లు చేరాను. డబ్బాలో అవ్వ పెట్టిన ఉలవలు, జుట్టు నిండా ఉలవ పొట్టు. సరోజ వాకిట్లోనే ఉంది. దారిపొడుగునా వకీలులాగా తయారు చేసుకున్న మాటలు మొదలుపెట్టాను.

"సూడు సరోజా, చీర టయానికి పిల్ల చేతిలో పడల్ల అన్నావు. పడింది. నా బండి మీదనే పోవల్ల అని నువ్వు అనలేదు."

"అవు. అనలేదు" అంది.

"అయితే అమ్మొద్దు గదా?"

"అమ్మేదేమిటికి? బంగారట్లాంటి బండి!"

నా చెవులను నేనే నమ్మలేదు! ఆమె బండి దగ్గరకొచ్చి, సీటు మీద ప్రేమగా చెయ్యి వేసింది. మొదటిసారి! మనసు పొంగిపోయిందనుకోండి.

"ఇది ఏమిటికి పనికొస్తాదో ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు. నా నంబరు తీసుకోనుండె, నాగమ్మవ్వ మళ్ళా ఫోన్ చేసింది. ఆమె చెల్లెలోళ్ళ ఉలవలు ఎల్లుండికి ఉండాయంట. ఆదివారం మా అమ్మోళ్ళ కందులు. ఇద్దరికీ సరే అని చెప్పేసినా. నువ్వు టూరు టూరు అంటాంటివి గదా, పో."

ఏదో ఒకటి అనాలి కదా అని, "ఉలవల మీద పడితే దెబ్బ గూడా తగలదు. ఆ హెల్మెట్టు ఒకటే ఉక్కబోస్తాండాది. పెట్టుకోకపోతే ఏమవుతాది?" అన్నాను.

"పెట్టుకోకుండా ఎట్ల?" అంది సరోజ. "అవ్వ అన్నీ చెప్పింది, తోలినదాని కన్నా గుగ్గిళ్ళు తిన్నదే ఎక్కువంట. నూర్చే ఎద్దు గింజలు తినకుండా మూతికి చిక్కం కడతారు గదా, అది ఉండల్ల."